ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామే రాయాలంటే ముందు గ్రామర్ మీరు రాయాలి

ఏదైనా ప్రోగ్రామ్ ఫైల్ తెరిచి, కళ్లు మూసుకుని ఎక్కడో ఒక అక్షరం మార్చి, రన్ చేసి చూడండి. చాలాసార్లు ఏదో ఒక ఎర్రరే పలకరిస్తుంది. జెనెటిక్ అల్గారిథమ్‌తో (జవాబుల గుంపుని పుట్టించి, మంచివాటిని ఎంచి, కాస్త మార్చి మళ్లీ పుట్టించే పద్ధతి) ప్రోగ్రాములు పుట్టిద్దామని కూర్చున్నవాళ్లకి మొదట అడ్డుపడేది ఇదే. మ్యుటేషన్ అంటేనే గుడ్డిగా మార్చడం, ప్రోగ్రామేమో గుడ్డిగా మారిస్తే బతకదు. వెయ్యి పుట్టిస్తే వెయ్యీ చచ్చే పుడితే, అందులో మంచిదేదో చెడ్డదేదో ఎంచడానికి ఇంకేం మిగిలింది?

1992 నుంచి జాన్ కోజా ప్రచారంలోకి తెచ్చిన జెనెటిక్ ప్రోగ్రామింగ్ దీనికి ఒక దారి చూపించింది. ప్రోగ్రామ్‌ని అక్షరాల వరుసగా కాకుండా చెట్టుగా చూడాలి (ప్రతి లెక్కా ఒక కొమ్మ, దాని లోపలి ముక్కలు దాని చిన్న కొమ్మలు). ఒక చెట్టు కొమ్మ నరికి ఇంకో చెట్టుకి అంటు కడితే అది ఇంకా చెట్టే కాబట్టి సింటాక్స్ చెడదు. కానీ ఒక షరతుంది, ఏ కొమ్మని ఎక్కడ అంటించినా పని చేయాలి. అన్నీ సంఖ్యలే అయితే ఇబ్బంది లేదు. అవును-కాదు విలువలు, లిస్టులు, స్ట్రింగులు వచ్చాయా, ఇక తలనొప్పి మొదలు.

దీనికి ఇంకో దారి గ్రామర్, అంటే ప్రోగ్రామ్‌లో ఏ చోట ఏది రావచ్చో చెప్పే నియమాలు. వాటిని ముందే రాసిపెట్టేస్తాం. ఇవల్యూషన్ ఏం చేసినా ఆ గీతల లోపలే చేస్తుంది. పీటర్ విగమ్ 1995లో దీన్ని చెట్ల మీద చేసి చూపించాడు. 1998లో ఐర్లండ్‌లోని లిమరిక్ యూనివర్సిటీ నుంచి కానర్ రయాన్, జె.జె. కాలిన్స్, మైకేల్ ఓనీల్ ఇదే ఆలోచనని మామూలు అంకెల జాబితాతో చేయొచ్చని చూపించి, దానికి గ్రమాటికల్ ఇవల్యూషన్ అని పేరు పెట్టారు. ఎక్కువ మంది మొదలుపెట్టేది దీనితోనే కాబట్టి మనమూ ఇక్కడే మొదలుపెడదాం, చివరికి ఇక్కడే ఉండాలో లేదో తర్వాత చూద్దాం.

ఒక మాట ముందే చెప్తాను, మిగతా అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చాలామంది గ్రామర్ అంటే సింటాక్స్ తప్పులు రాకుండా కాసే కాపలావాడు అనుకుంటారు. అది అంతకంటే పెద్ద పనే చేస్తుంది. ఏ ప్రోగ్రామ్ ఎంత తరచుగా పుడుతుందో తేల్చే పాచిక కూడా అదే. రన్ సరిగ్గా రాకపోతే జనం మ్యుటేషన్ రేటు అటూ ఇటూ తిప్పుతూ వారాలు గడిపేస్తారు. నేనూ గడిపాను. తప్పు చాలాసార్లు గ్రామర్‌లో ఉంటుంది.

చిన్న గ్రామర్, చేత్తో ఒకసారి

మన లక్ష్యం కోజా కాలం నుంచి అందరూ వాడుతున్న పాత పరీక్ష: క⁴ + క³ + క² + క. ఈ సూత్రం ప్రోగ్రామ్‌కి చెప్పం. −1 నుంచి 1 మధ్య 20 బిందువులు తీసుకుని వాటి విలువలు మాత్రం ఇస్తాం, సూత్రాన్ని అదే కనిపెట్టాలి. సమస్య చిన్నదే, అందుకే మీ కోడ్ పని చేస్తోందో లేదో తేల్చుకోవడానికి బాగుంటుంది.

గ్రామర్‌ని బీఎన్ఎఫ్ అనే పద్ధతిలో రాస్తారు. బాకస్, నౌర్ పేర్ల మీద వచ్చిన పద్ధతి ఇది, ఆల్గాల్ 60 భాషని వర్ణించినప్పటి నుంచి వాడుకలో ఉంది. కోణపు బ్రాకెట్లలో ఉన్నది ఇంకా విప్పాల్సిన మూట, నిలువు గీత అంటే "లేదా".

```
<సమాసం> ::= (<సమాసం> <గుర్తు> <సమాసం>) | <విలువ>
<గుర్తు>  ::= + | - | *
<విలువ>  ::= క | 1 | 2
```

ఇప్పుడు జీనోమ్. అది 0 నుంచి 255 వరకు అంకెల జాబితా, ఒక్కో అంకెని కోడాన్ అంటారు. ఉదాహరణకి ఇది:

142, 77, 33, 41, 18, 205, 90, 60, 7, 112

<సమాసం>తో మొదలుపెట్టి, అన్నిటికంటే ఎడమ పక్కనున్న మూటని విప్పుకుంటూ పోవాలి. ఆ మూటకి ఎన్ని ఎంపికలున్నాయో, ఆ సంఖ్యతో కోడాన్‌ని భాగిస్తే వచ్చే శేషమే ఎంపిక నంబరు. లెక్క సున్నా నుంచి మొదలు.

<సమాసం>కి రెండు ఎంపికలు. 142ని 2తో భాగిస్తే శేషం 0, అంటే (<సమాసం> <గుర్తు> <సమాసం>). ఎడమ <సమాసం>కి 77, శేషం 1, అంటే <విలువ>. <విలువ>కి మూడు ఎంపికలు, 33కి శేషం 0, వచ్చింది క. <గుర్తు>కి 41, శేషం 2, అంటే *. కుడి <సమాసం>కి 18, శేషం 0, మళ్లీ బ్రాకెట్ తెరుచుకుంది. 205కి శేషం 1, <విలువ>. 90కి శేషం 0, క. 60కి 0, ప్లస్. 7కి శేషం 1, <విలువ>. 112కి శేషం 1, అంకె 1. మూటలన్నీ అయిపోయాయి:

(క * (క + 1))

ఇదొక్కటి కాగితం మీద మీరే చేసి చూడండి. రెండు నిమిషాల పని, కానీ ముందు ముందు వచ్చే సగం తికమకలు దీనితోనే తీరిపోతాయి. కోడ్‌గా రాస్తే ఇంతే:

```
వరుస = [<సమాసం>], ఫలితం = ఖాళీ
వరుస ఖాళీ అయ్యేదాకా:
    ముందున్నది బయటికి తీయి
    అది మామూలు గుర్తయితే ఫలితానికి చేర్చు
    మూట అయితే:
        ఎంపిక ఒక్కటే ఉంటే కోడాన్ ఖర్చు చేయకుండా దాన్నే తీసుకో
        లేకపోతే తర్వాతి కోడాన్ % ఎంపికల సంఖ్య
        ఎంచుకున్నదాన్ని వరుస ముందు పెట్టు
    కోడాన్లు అయిపోతే "చెల్లదు" అని ఆగిపో
```

కోడాన్లు అయిపోతే జాబితా మొదటికి వెళ్లి మళ్లీ వాడుకునే పద్ధతి ఒకటుంది, ర్యాపింగ్ అంటారు. నేను వాడను. అదే కోడాన్ రెండు చోట్ల రెండు పనులు చేస్తుంటే ఏది మంచి ఏది చెడు అని మంచివాటిని ఎంచే అడుగుకి ఎలా తెలుస్తుంది? చెల్లనివాటికి అతి చెత్త ఫిట్‌నెస్ (లక్ష్యానికి ఎంత దూరంలో ఉందో చెప్పే మార్కు, ఎంత తక్కువైతే అంత మంచిది) ఇచ్చి వదిలేయండి.

బ్రాకెట్లు ఎందుకు పెట్టానో గమనించారా? అవి తీసేస్తే గ్రామర్ "క + 1 * క" అని పుట్టిస్తుంది. గ్రామర్ లెక్కలో అది ముందు కూడి తర్వాత గుణించిన చెట్టు కావచ్చు, కానీ నడిపే భాష ముందు గుణిస్తుంది. చెట్టు ఒకటి చెప్తుంటే లెక్క ఇంకోటి చేస్తుంది. ఎర్రరేమీ రాదు, కానీ ఒక కొమ్మని వేరే చోటికి మార్చినప్పుడు దాని అర్థం దానితో పాటు వెళ్లదు. అందుకే బ్రాకెట్ల దగ్గర పిసినారితనం వద్దు.

రన్ కొట్టే ముందు వెయ్యి పుట్టించి చూడండి

గ్రామర్ రాయగానే ఇవల్యూషన్ మొదలుపెట్టకండి. మంచివాటిని ఎంచడమూ మ్యుటేషనూ ఏమీ లేకుండా ఊరికే వెయ్యి రాండమ్ జీనోములని ప్రోగ్రాములుగా మార్చి, ఒక ఇరవై కళ్లతో చదవండి. ఈ ఒక్క అలవాటు నాకు ఆదా చేసినంత టైం ఏ లైబ్రరీ ఆదా చేయలేదు.

మన పై గ్రామర్‌తో ఏం కనిపిస్తుందో చెప్తాను. <సమాసం>కి రెండే ఎంపికలు కాబట్టి సగం సార్లు మొదటి అడుగులోనే <విలువ>కి వెళ్లిపోతుంది. అంటే పాపులేషన్ (ఒక తరంలో ఉండే ప్రోగ్రాముల సంఖ్య) 500 పెడితే అందులో సుమారు 250 ప్రోగ్రాములు ఊరికే "క" అనో "1" అనో "2" అనో ఉంటాయి. పేరుకి 500, అందులో సగం మూడు ప్రోగ్రాముల నకళ్లే! ఇంకో పక్క కొన్ని మాత్రం పేజీలకి పేజీలు పోతాయి, ఎందుకంటే ఒక్కో <సమాసం> నుంచి సగటున సరిగ్గా ఇంకో <సమాసం> పుడుతోంది (సగం సార్లు రెండు, సగం సార్లు సున్నా), అంటే కత్తి అంచు మీద ఉన్నట్టు.

ఇప్పుడు ఉత్సాహం కొద్దీ ఇంకో ఎంపిక చేర్చారనుకోండి:

```
<సమాసం> ::= (<సమాసం> <గుర్తు> <సమాసం>)
          | గరిష్ఠం(<సమాసం>, <సమాసం>)
          | <విలువ>
```

చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ మూడింట రెండు సార్లు ఒకటి రెండవుతోంది, సగటు 4/3. ఒక విప్పడం ఎప్పటికైనా ముగిసే అవకాశం ఎంత అని లెక్క వేద్దాం. ఆ అవకాశాన్ని "ప" అనుకుంటే ప = 1/3 + (2/3)ప². దీన్ని సాధిస్తే ప = 1/2 వస్తుంది. అంటే జీనోమ్ ఎంత పొడవు పెట్టినా, పుట్టేవాటిలో సగం ఎప్పటికీ ముగియవు. మీ రన్‌లో సగం "చెల్లదు" అని వస్తుంటే మీరు జీనోమ్ పొడవు పెంచుతారు, ర్యాపింగ్ పెంచుతారు, ఏదీ పని చేయదు. రోగం ఉన్నది గ్రామర్‌లో.

సులువైన మందు <విలువ>ని రెండుసార్లు రాయడం, అంటే ఎంపికల్లో "| <విలువ> | <విలువ>" అని పెట్టడం. చూసేవాళ్లకి పొరపాటున రెండుసార్లు రాసినట్టు ఉంటుంది గానీ, దానితో సగటు మళ్లీ 1కి దిగుతుంది. ఏది ఎక్కువ పుట్టాలో ఇలా మీ చేతుల్లో పెట్టుకోవచ్చు. <విలువ>లో "క"ని రెండుసార్లు రాస్తే అంకెలు తగ్గి "క" ఎక్కువ కనిపిస్తుంది.

ఇంతకంటే మంచి మందు, మొదటి తరాన్ని రాండమ్ అంకెలతో కాకుండా చెట్ల లోతు చూసుకుంటూ పుట్టించడం. లోతు 2 నుంచి 6 దాకా తలా కొన్ని పంచండి. సగం చెట్లు అన్ని కొమ్మలూ పూర్తి లోతుకి వెళ్లేలా, మిగతా సగం ఎక్కడ పడితే అక్కడ ఆగేలా. చెట్ల మీద కోజా ఇదే చేసేవాడు. గ్రమాటికల్ ఇవల్యూషన్‌కి దీన్ని రయాన్, ఆజాద్ 2003లో తెచ్చారు. దీనికి ఒక చిన్న లెక్క ముందే చేసిపెట్టుకోవాలి, ఏ మూట ముగియడానికి కనీసం ఎన్ని అడుగుల లోతు కావాలో. మన మొదటి గ్రామర్‌లో <విలువ>కి, <గుర్తు>కి 1, <సమాసం>కి 2. మిగిలిన లోతు తక్కువైనప్పుడు అందులో పట్టే ఎంపికలనే ఇవ్వండి, ఇక ముగియని చెట్టు పుట్టమన్నా పుట్టదు.

మీ గ్రామర్ ఒప్పుకున్నది పైథాన్ ఒప్పుకోకపోవచ్చు

స్థిరాంకాల దగ్గర నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. 1, 2 చాలని సమస్య ఒకటి వచ్చింది, సరే రెండంకెల సంఖ్యలు కావాలని ఇలా రాశాను:

```
<స్థిరం> ::= <అంకె><అంకె>
<అంకె>  ::= 0 | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 | 9
```

రన్ బాగానే నడుస్తోంది, ఎర్రర్లు లేవు, ఫిట్‌నెస్ మెల్లగా తగ్గుతోంది. కానీ గెలిచిన ప్రోగ్రాముల్లో ఎక్కడ చూసినా (15 - 12), (41 - 38) లాంటివి. 3 కావాలంటే ఎందుకింత తిప్పలు? "03" అని పుట్టొచ్చు కదా అనుకున్నాను. పుట్టేది, పుట్టగానే చచ్చేది. పైథాన్ 3లో సున్నాతో మొదలయ్యే పూర్ణసంఖ్య రాస్తే సింటాక్స్ ఎర్రర్. నేనేమో ప్రోగ్రామ్ నడిపే చోట ఏ ఎర్రర్ వచ్చినా పట్టుకుని చెత్త ఫిట్‌నెస్ ఇచ్చేలా రాసిపెట్టాను, అందుకే నాకు కనిపించలేదు. 01 నుంచి 09 దాకా, వందలో తొమ్మిది స్థిరాంకాలు విషం. ఒక ప్రోగ్రామ్‌లో నాలుగు స్థిరాంకాలుంటే అది చచ్చే అవకాశం సుమారు 31 శాతం. ఇవల్యూషన్ మాత్రం నాకు చెప్పకుండానే దాన్ని పసిగట్టి, చిన్న సంఖ్యలని తీసివేతతో చేసుకోవడం నేర్చుకుంది. తెలివైనదే, కానీ ఆ తెలివంతా నా తప్పుని దాటడానికే ఖర్చయింది.

దీనివల్ల రెండు అలవాట్లు వచ్చాయి. ఒకటి, శాంపిల్ తీసిన వెయ్యి ప్రోగ్రాములనీ నిజంగా కంపైల్ చేసి చూస్తాను, ఒక్కటి ఫెయిలైనా గ్రామర్ తప్పే. రెండు, ఎర్రర్లని పట్టుకున్న ప్రతి చోటా రకం వారీగా లెక్కపెడతాను. సున్నాతో భాగహారం అయితే సరే, సింటాక్స్ ఎర్రర్ మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు.

స్థిరాంకాల గురించి ఇంకో మాట. గ్రామర్‌తో 3.1416 లాంటిది పుట్టించాలని ఆశపడకండి. 0.5, 1, 2, 10 లాంటి నాలుగు ముక్కలిచ్చి, మంచి ప్రోగ్రామ్ దొరికాక అందులోని సంఖ్యలని మామూలు హిల్ క్లైంబింగ్‌తో (కాస్త మార్చి, మెరుగైతేనే ఉంచుకునే పద్ధతి) సరిచేస్తే చాలు.

మీకు తెలిసింది గ్రామర్‌లో పెట్టండి, కానీ చేయి కాస్త బిగబట్టి

గ్రామర్ వల్ల అసలు లాభం ఇక్కడుంది. గది వేడి, తేమ చూసి ఫ్యాన్ ఎప్పుడు వేయాలో చెప్పే నియమం కావాలనుకోండి.

```
<నియమం> ::= (<షరతు> అయితే <నియమం> లేకుంటే <నియమం>) | <పని>
<షరతు>   ::= వేడి > <డిగ్రీలు> | తేమ > <శాతం> | (<షరతు> మరియు <షరతు>)
<పని>     ::= ఆన్ | ఆఫ్
<డిగ్రీలు> ::= 22 | 25 | 28 | 31 | 34
<శాతం>   ::= 30 | 45 | 60 | 75 | 90
```

వేడిని తేమతో పోల్చడం, డిగ్రీలకి శాతాన్ని కూడడం, "ఆన్"ని 3తో గుణించడం లాంటివి ఇందులో పుట్టవు. టైపుల గొడవ మొత్తం మూటల పేర్లతోనే తేలిపోయింది. వచ్చిన ఫలితాన్ని మనిషి చదవగలడు కూడా, అది చిన్న లాభం కాదు.

కానీ ఫ్యాన్ అవసరం నిజానికి వేడీ తేమా కలిసి పెంచే ఉక్కపోతని బట్టి ఉంటే? "వేడి + 0.1 * తేమ" లాంటిది ఈ గ్రామర్‌లో రాయలేం. మెట్లు మెట్లుగా దగ్గరికి రావచ్చు గానీ సరిగ్గా అక్కడికి చేరదు. గ్రామర్‌లో లేనిది ఎన్ని తరాలు నడిపినా పుట్టదు, పైగా అది లేదని మీకెవరూ చెప్పరు. ఫిట్‌నెస్ ఒక చోట ఆగిపోతుంది, అంతే. అందుకే గ్రామర్ రాశాక "నాకు తెలిసిన ఒక మంచి జవాబు ఈ గ్రామర్‌తో రాయగలనా" అని చేత్తో ప్రయత్నించండి. రాయలేకపోతే రన్ దండగ.

ఎదుటి వైపు పొరపాటు కూడా ఉంది. జవాబు ఆకారమంతా గ్రామర్‌లోనే పెట్టేసి ఇవల్యూషన్ కనిపెట్టిందని సంబరపడటం. శాంటా ఫే చీమ అనే పాత పరీక్ష ఉంది, 32×32 గళ్లలో చీమ 89 ఆహారపు ముక్కలు ఏరుకోవాలి. గ్రమాటికల్ ఇవల్యూషన్ మొదట్లో దీనిమీద చెట్ల పద్ధతి కంటే బాగా చేసినట్టు కనిపించింది. అక్కడ వాడిన గ్రామర్ ప్రోగ్రాముల ఆకారాన్ని ముందే కుదించేసిందని, కాబట్టి ఆ పోలిక సమానం కాదని తర్వాత వేరే పరిశోధకులు చూపించారు. కుదించడం తప్పు కాదు, మనకి కావలసిందే అది. గెలుపు ఎవరిదో మాత్రం నిజాయితీగా చూసుకోవాలి.

దీన్ని తేల్చే చవకైన పరీక్ష ఒకటుంది. 500 పాపులేషన్, 50 తరాలు అంటే 25,000 ప్రోగ్రాములు. అదే గ్రామర్‌తో 25,000 ఊరికే రాండమ్‌గా పుట్టించి, అందులో మంచిది తీసుకోండి. అది మీ ఇవల్యూషన్‌కి దగ్గరగా వస్తే, పని చేసింది గ్రామర్ ఒక్కటే. ఈ పోలిక ఒక్క రన్‌తో కాకుండా వేర్వేరు సీడ్లతో (రాండమ్ అంకెలు మొదలయ్యే విలువలు) ఓ ముప్పై సార్లు చేయండి, లేకపోతే అదృష్టాన్ని కొలిచినట్టవుతుంది.

ఫిట్‌నెస్, భాగహారం, లూపులు

భాగహారం చేర్చగానే సున్నాతో భాగించే సమస్య వస్తుంది. పాత పద్ధతి, హారం సున్నా అయితే 1 ఇచ్చేయడం. ఎర్రర్ రాదు నిజమే, కానీ మీ 20 బిందువుల మధ్యలో ఎక్కడో హారం సున్నాకి ఆనుకుని వెళ్లే ప్రోగ్రాములు హాయిగా గెలుస్తాయి, కొత్త డేటా మీద విలువ ఆకాశానికి ఎగురుతుంది. నేను చేసేది, భాగహారం నిజంగా అవసరమైతే దాన్నీ గ్రామర్‌లోనే కట్టేయడం:

<భాగం> ::= (<సమాసం> / (1 + వర్గం(<సమాసం>)))

వాస్తవ సంఖ్యలకి ఈ హారం ఎప్పుడూ 1కి తగ్గదు. అన్ని భిన్నాలూ దీనితో రాయలేం, ఆ నష్టం తెలిసే ఒప్పుకుంటున్నాను.

సూత్రాలు వెతికే సమస్యల్లో లీనియర్ స్కేలింగ్ తప్పకుండా పెట్టండి. మార్టెన్ కైజర్ 2003లో చూపించిన చిట్కా ఇది. ప్రోగ్రామ్ ఇచ్చిన విలువలని నేరుగా లక్ష్యంతో పోల్చకుండా, ముందు కనిష్ఠ వర్గాల పద్ధతిలో (తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేలా) ఒక గుణకం, ఒక కూడిక సరిచేసి, ఆ తర్వాత తప్పు కొలవాలి. ఇవల్యూషన్ ఆకారం మాత్రం కనిపెడితే చాలు, సైజూ ఎత్తూ మనమే చూసుకుంటాం. పది లైన్ల కోడ్‌కి ఇంత లాభం ఇంకెక్కడా చూడలేదు.

లూపులు కావాలంటే "షరతు ఉన్నంతసేపు" అనే లూప్ బదులు "ఇన్నిసార్లు" అనే లూప్ ఇవ్వండి, పైగా అడుగుల లెక్క పెట్టి పరిమితి దాటితే ఆపేయండి, ఎందుకంటే లూప్ లోపల లూప్ పది సార్లు పెట్టుకునే ప్రోగ్రామ్ మూడో తరానికే వచ్చేస్తుంది. ఇక భద్రత అంటారా, గ్రామర్‌లో ఫైల్ తెరిచే మాట లేకపోతే ప్రోగ్రామ్ ఫైల్ తెరవలేదు. ఆ మాట చేర్చే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ఒక్క అంకె మారితే ఏమవుతుంది

మన జీనోమ్ దగ్గరికి మళ్లీ వద్దాం. (క * (క + 1)) ఇచ్చింది కదా. చివరి 112ని 113 చేస్తే శేషం 2, ఫలితం (క * (క + 2)). చిన్న మార్పు, చిన్న తేడా, ఇలాగే కావాలి. 142ని 144 చేస్తే శేషం మారదు, ఏమీ జరగదు. 18ని 19 చేస్తే? బ్రాకెట్ తెరుచుకోదు, <విలువ> వస్తుంది, దాని వెనకున్న 205 ఇప్పుడు రెండుతో కాదు మూడుతో భాగించబడుతుంది, శేషం 1. ఫలితం (క * 1). మొదటి 142ని 143 చేస్తే ఇంకా ఘోరం: <విలువ> వచ్చి, 77కి శేషం 2 వచ్చి, ప్రోగ్రామ్ మొత్తం "2" అయిపోతుంది. మిగతా ఎనిమిది కోడాన్లూ గాలికి.

క్రాసోవర్‌లోనూ, అంటే రెండు జీనోములని తెంచి తోకలు మార్చుకోవడంలోనూ, ఇదే కథ. తెగిన తోక ఇంకో చోట అతుక్కుంటే అందులోని అంకెలకి అర్థాలే మారిపోతాయి. దీన్ని అలలా పాకే క్రాసోవర్ అని, వైవిధ్యం తెస్తుందని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నాకైతే తల్లిదండ్రుల పోలిక పిల్లలకి రాకపోతే అది ఇవల్యూషన్ కింద లెక్క కాదు, వెతుకులాట మాత్రమే. 2015లో విగమ్ బృందం కూడా పోల్చి చూసి, చెట్ల మీద నేరుగా పని చేసే గ్రామర్ పద్ధతి కంటే అంకెల జాబితా పద్ధతి వెనకబడుతోందని చూపించింది.

అందుకే నా సలహా: జాబితాతో నేర్చుకోండి, అసలు పనికి చెట్టుని వాడండి. ఏ మూట ఏ ఎంపికతో విప్పుకుందో ఆ చెట్టునే దాచుకోండి. మ్యుటేషన్ అంటే ఒక <సమాసం> కొమ్మ తీసేసి అక్కడే కొత్త <సమాసం> పెంచడం, క్రాసోవర్ అంటే రెండు చెట్లలో ఒకే పేరున్న కొమ్మలు మార్చుకోవడం. <షరతు> స్థానంలోకి <షరతు>నే వస్తుంది కాబట్టి చెల్లనిదంటూ పుట్టదు. జాబితానే కావాలంటే మధ్యే మార్గం ఉంది, లొరెన్సో, పెరేరా, కోస్టా 2016లో వివరించిన స్ట్రక్చర్డ్ గ్రమాటికల్ ఇవల్యూషన్. అందులో ఒక్కో మూటకి విడి జాబితా ఉంటుంది, <గుర్తు> అంకెలు <సమాసం> అంకెలతో కలవవు. అంతా మీరే రాసుకునే ఓపిక లేకపోతే యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ (యూసీడీ) బృందం 2017లో విడుదల చేసిన పోనీజీఈ2 ఉంది, పైథాన్‌లో రాసింది, గ్రామర్ ఫైల్ ఇస్తే చాలు. అయినా మ్యాపింగ్ ఒకసారి సొంతంగా రాశాకే దాని జోలికి వెళ్లండి.

మిగతా సెట్టింగుల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. పాపులేషన్ 500, తరాలు 50, క్రాసోవర్ 0.8 చుట్టూ, జాబితా అయితే కోడాన్‌కి 1 శాతం మ్యుటేషన్, టోర్నమెంట్‌లో (కొన్నిటిని రాండమ్‌గా తీసి అందులో మంచిదాన్ని ఎంచడం) ముగ్గురో ఐదుగురో, తరానికి ఒక్క మంచిదాన్ని అలాగే దాటించడం. చెట్టు లోతుకి 12 దగ్గర హద్దు పెట్టండి, లేకపోతే పదో తరం నుంచి ప్రోగ్రాములు ఊబకాయంతో పెరిగిపోయి, ఫిట్‌నెస్ కదలకుండానే రన్ నెమ్మదిస్తుంది.

రన్ అయ్యాక మళ్లీ గ్రామర్ దగ్గరికి

ఒక్క విజేతని చూసి ఆగిపోకండి. ముప్పై రన్‌లలో గెలిచిన ముప్పై ప్రోగ్రాములనీ పక్కపక్కన పెట్టి, పదే పదే కనిపించే ముక్కలేవో వెతకండి. మన పరీక్షలో (క * (క + 1)) లాంటి ముక్క తగిలితే అది ఊరికే వచ్చింది కాదు. క⁴ + క³ + క² + కని కారణాంకాలుగా విడగొడితే క × (క + 1) × (క² + 1), అంటే ఆ ముక్క జవాబులో సగం. దాన్ని <విలువ>లో ఇంకో ఎంపికగా చేర్చండి:

<విలువ> ::= క | 1 | 2 | (క * (క + 1))

ఇక మిగిలింది ((క * క) + 1)తో గుణించడమే, ఇవల్యూషన్‌కి అంత దూరం కాదు. ఇక్కడ జవాబు మనకి ముందే తెలుసు కాబట్టి ధైర్యంగా చేర్చాం. నిజమైన డేటాతో ఇదే చేసేటప్పుడు ముక్కలు వెతికిన డేటా వేరుగా, చివరికి మార్కులు వేసే డేటా వేరుగా ఉంచండి. గ్రామర్ మార్చాక మళ్లీ వెయ్యి శాంపిళ్లు తీసి, కంపైల్ చేసి, ఇరవై చదివి, అప్పుడు రన్ కొట్టండి.